మనుషులే లేకపోతే నష్టం ఎవరికి?

2023 మే నెలలో కృత్రిమ మేధ రంగంలో పేరున్న శాస్త్రవేత్తలు, కంపెనీల అధిపతులు కొన్ని వందల మంది ఒకే ఒక్క వాక్యం కింద సంతకాలు పెట్టారు. ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును తగ్గించడాన్ని మహమ్మారులు, అణుయుద్ధం లాంటి ముప్పులతో సమానంగా ప్రపంచమంతా పట్టించుకోవాలన్నది దాని సారాంశం. అప్పటి నుంచి ‘మానవజాతి అంతరించడం’ అన్న మాట వార్తల్లో మామూలైపోయింది. జననాలు తగ్గుతున్నాయన్న కథనాల్లో ఇదే మాట, వాతావరణ మార్పు చర్చల్లోనూ ఇదే. దాంతోపాటు ఇంకో గొంతు కూడా వినిపిస్తోంది: ‘ఈ భూమికి మనం చేసిన చేటు చూశాక, మనుషులు పోతే మాత్రం ఏమైంది?’

ఆ ప్రశ్న అడిగినవాళ్ల మీద చాలామంది కోప్పడతారు. నాకు మాత్రం అది ఓపిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అనిపిస్తుంది. మానవజాతి కొనసాగాలని దాదాపు అందరం నమ్ముతాం. ఎందుకు కొనసాగాలని నిలదీస్తే మాత్రం తడబడతాం. గత యాభై ఏళ్లలో తత్వవేత్తలు ఈ తడబాటు మీద గట్టిగా పనిచేశారు. వాళ్ల మధ్య ఏకాభిప్రాయం లేదు కానీ, చిక్కుముడి ఎక్కడెక్కడ పడిందో బాగా తేల్చారు.

దేన్ని అంతం అంటున్నాం?

నాగరికత కూలిపోవడం, జాతి అంతరించడం ఒకటి కావు. 14వ శతాబ్దంలో వచ్చిన ప్లేగు యూరప్ జనాభాలో మూడో వంతును, బహుశా అంతకంటే ఎక్కువనే, పొట్టన పెట్టుకుంది. అయినా మిగిలినవాళ్లున్నారు, వాళ్ల పిల్లలున్నారు, కాలక్రమంలో ఆ సమాజాలు తేరుకున్నాయి. అంతరించడమంటే తేరుకోవడానికి ఒక్కరూ మిగలకపోవడం.

‘అస్తిత్వ ముప్పు’ అనే మాట ఇంకొంచెం విశాలమైంది. 2002లో నిక్ బోస్ట్రమ్ అనే తత్వవేత్త దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అంతరించడంతోపాటు, మనుషులు బతికే ఉన్నా వాళ్ల భవిష్యత్తు శాశ్వతంగా మూసుకుపోయే పరిస్థితులు కూడా అందులోకి వస్తాయి. ఎన్నటికీ కూలదోయలేని నియంతృత్వం ఒక ఉదాహరణ. వార్తల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు. ఈ వ్యాసం మాట్లాడేది మొదటిదాని గురించి.

వారసుల సంగతి మరో చిక్కు. లక్షల ఏళ్లలో మనిషి నెమ్మదిగా మారుతూ మారుతూ వేరే జాతి అయిపోతే, లెక్కప్రకారం హోమో సేపియన్స్ అంతరించినట్టే. కానీ ఎవరూ అకాలంగా చావలేదు, ఏ తల్లీ పిల్లల్ని పోగొట్టుకోలేదు. దాన్ని విషాదమని ఎవరూ అనరు. మన చోటులోకి యంత్రాలు వస్తే? అదీ కొనసాగింపే అనేవాళ్లున్నారు. ఆ యంత్రాలకు బాధ, సంతోషం తెలుస్తాయా లేదా అన్నది తేలకుండా ఆ మాట ఒప్పుకోవడం నావల్ల కాదు. ఏ అనుభూతీ లేని యంత్రాలు ఎంత గొప్ప పనులు చేసినా వాటిని చూసి సంతోషించడానికి అక్కడ ఎవరూ ఉండరు.

మనిషి చరిత్రలో ఈ ఆలోచన చాలా కొత్తది. మన పురాణాల్లో ప్రళయం వస్తుంది కానీ దాని వెనకే మళ్లీ సృష్టి ఉంటుంది. ఒక జాతి పోతే ఇక తిరిగి రాదన్న సంగతి 1796లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే ఇప్పటి ఏనుగుల ఎముకల్ని మామత్ ఎముకలతో పోల్చి చూపించేదాకా చాలామంది పండితులే నమ్మలేదు. మన చేతులతో మనమే ఆ పని చేసుకోగలమన్న భయం అణుబాంబు తర్వాతిది. 1955 జులైలో బెర్ట్రండ్ రసెల్, ఐన్‌స్టీన్ పేర్లతో వెలువడిన ప్రకటన ఆ ఎంపికను సూటిగా ముందు పెట్టింది: మానవజాతిని అంతం చేసుకుందామా, యుద్ధాన్ని వదులుకుందామా?

ముప్పు నిజంగా ఎంత?

ప్రకృతి వైపు నుంచి వచ్చే ముప్పు చిన్నది. మనిషి జాతి దాదాపు 3 లక్షల ఏళ్లుగా ఉంది. అగ్నిపర్వతాలు, ఉల్కలు ప్రతి శతాబ్దంలోనూ మనల్ని తుడిచేసేంత ప్రమాదకరమైతే ఇంతకాలం నిలిచేవాళ్లం కాదు. మనం తయారుచేసుకున్న ముప్పుల విషయంలో అంత ధీమా లేదు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టోబీ ఆర్డ్ 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం రాబోయే వందేళ్లలో అస్తిత్వ ముప్పు ఆరింట ఒకటి. అందులో ప్రకృతి వాటా పదివేలలో ఒకటే. పెద్ద వాటా ఏఐది, ప్రయోగశాలల్లో తయారయ్యే సూక్ష్మజీవులది. 2022లో జరిగిన ఒక అంచనాల పోటీలో, 2100లోగా మానవజాతి అంతరించే అవకాశం రంగ నిపుణుల లెక్కలో మధ్యస్థంగా 6 శాతం వచ్చింది. భవిష్యత్తును అంచనా వేయడంలో మంచి రికార్డు ఉన్నవాళ్లు మాత్రం 1 శాతమే అన్నారు. ఇవి కొలిచి చెప్పిన అంకెలు కావు, ఆలోచించి వేసిన ఊహలు. ఆర్డ్ అంకె అంతరించడాన్ని మించిన విశాలమైన ముప్పు గురించి కాబట్టి, మిగతా రెండింటి పక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు కూడా.

పోవడం వేరు, లేకపోవడం వేరు

మొత్తం చర్చకు తాళంచెవి ఇక్కడుంది. రెండు పరిస్థితులు ఊహించండి. మొదటిదాంట్లో ఒక పెద్ద గ్రహశకలం ఢీకొట్టి, ఆకలితో, చలితో, భయంతో రెండేళ్లలో అందరూ చనిపోయారు. రెండోదాంట్లో ఎవరూ చనిపోలేదు. అందరూ తమంతట తామే పిల్లలు వద్దనుకున్నారు, నిండు నూరేళ్లూ బతికారు, ఆఖరి తరం ప్రశాంతంగా కన్నుమూసింది. రెండు దారులూ చేరేది ఒకే చోటికి: మనుషులు లేని భూమి.

మొదటిది ఘోరమని ఎవరైనా ఒప్పుకుంటారు. రెండోదాంట్లో తప్పుందా?

తప్పేమీ లేదని కొందరు నిజంగానే అంటారు. అంతరించడంలో చెడు అంతా ఆ ‘పోయే’ క్రమంలోనే ఉంటుందని వాళ్ల వాదన. అంటే ఆ చావుల్లో, బాధలో, బలవంతంలో. ఎలిజబెత్ ఫినెరన్-బర్న్స్ 2017లో ఈ వాదాన్ని పద్ధతిగా రాసింది. నైతికత అంటే మనం ఒకరికొకరం సంజాయిషీ చెప్పుకోగలగడం అనుకుంటే, పుట్టనివాళ్లకు ఫిర్యాదు చేసే నోరే లేదు. నన్నెందుకు పుట్టించలేదని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. కాబట్టి అన్యాయం జరిగితే అది బతికున్నవాళ్లకే జరగాలి. జాన్ నార్వెసన్ 1973లోనే దీన్ని ఇంకో రకంగా చెప్పాడు: ఉన్న మనుషుల్ని సంతోషపెట్టడం మంచిదే, సంతోషపడే మనుషుల్ని కొత్తగా తయారుచేయాల్సిన బాధ్యత మాత్రం లేదు.

అదనపు నష్టం ఉందనే వాళ్లు

ఎదుటి పక్షంలో అందరికంటే ముందు చెప్పాల్సిన పేరు బ్రిటిష్ తత్వవేత్త డెరెక్ పార్‌ఫిట్. 1984లో ఆయన మూడు పరిస్థితుల్ని పక్కపక్కన పెట్టాడు. ఒకటి, శాంతి. రెండు, జనాభాలో 99 శాతాన్ని చంపే అణుయుద్ధం. మూడు, నూటికి నూరు శాతాన్ని చంపే యుద్ధం. ఇప్పటి జనాభా 800 కోట్లకు పైనే. 800 కోట్లనే పట్టుకుంటే రెండో యుద్ధంలో 792 కోట్ల మంది పోతారు, 8 కోట్ల మంది మిగులుతారు. మూడోదాంట్లో ఆ 8 కోట్లూ పోతారు. చావులు మాత్రమే లెక్కపెడితే పెద్ద తేడా ఒకటికీ రెండుకీ మధ్యే ఉంది. అసలు తేడా రెండుకీ మూడుకీ మధ్య ఉందని పార్‌ఫిట్ అంటాడు. 8 కోట్ల మందితో మళ్లీ మొదలుపెట్టొచ్చు. సున్నాతో మొదలుపెట్టలేం.

ఈ భవిష్యత్తు ఎంత పెద్దదో ఒకసారి లెక్క వేద్దాం. క్షీరదజాతి ఒకటి సగటున సుమారు 10 లక్షల ఏళ్లు నిలుస్తుందని అంటారు. మనకు 3 లక్షలు గడిచాయి కాబట్టి 7 లక్షలు మిగిలాయనుకుందాం. జనాభా 800 కోట్ల దగ్గర నిలకడగా ఉండి, మనిషి 80 ఏళ్లు బతికితే ఏటా 10 కోట్ల మంది పుడతారు. అలా 7 లక్షల ఏళ్లంటే 70 లక్షల కోట్ల మంది. ఇప్పటిదాకా భూమ్మీద పుట్టినవాళ్లు మొత్తం 11,700 కోట్ల మంది ఉంటారని ఒక అంచనా. ఇప్పటివరకు పుట్టిన ఒక్కొక్కరికీ ఇంకా పుట్టాల్సినవాళ్లు సుమారు 600 మంది.

ఈ అంకె చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడే జాగ్రత్త కూడా కావాలి. మానవజాతి అంతరించే ముప్పును 100 కోట్లలో ఒక వంతు తగ్గించే పథకం ఒకటుందనుకోండి. 70 లక్షల కోట్లలో 100 కోట్లో వంతు అంటే 70 వేలు. అంటే ఆ పథకం 70 వేల ప్రాణాలు కాపాడినట్టు లెక్క తేలుతుంది. దాని పక్కన, ఈ ఏడాది వెయ్యిమంది పిల్లల్ని కచ్చితంగా బతికించే ఆసుపత్రి చిన్నదైపోతుంది. 100 కోట్లలో ఒక వంతు అన్న అంచనా సరైనదో కాదో పరీక్షించే దారి లేదు. అయినా అది ముందు వరుసలోకి వచ్చేస్తుంది. రాబోయే తరాల మేలుకు పెద్దపీట వేసే, ‘దీర్ఘకాలవాదం’ పేరుతో ఈమధ్య పేరు తెచ్చుకున్న ఆలోచనా ధోరణి మీద వచ్చే ప్రధాన విమర్శ ఇదే. ఈ విమర్శలో బలం ఉందని నా అభిప్రాయం. కళ్లముందున్న మనిషి ఊహల్లోని కోట్ల పక్కన కనబడకుండా పోయే లెక్క ఏదైనా సరే, దాన్ని ఇంకోసారి సరిచూసుకోవాలి. అయితే దీర్ఘకాలవాదులందర్నీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. వాళ్లలో చాలామంది ఇలాంటి అతి చిన్న సంభావ్యతల మీద ఆధారపడకూడదని తామే చెబుతారు.

పుట్టకపోవడమే మేలనే వాదం

దక్షిణాఫ్రికా తత్వవేత్త డేవిడ్ బెనటార్ 2006లో ఈ చర్చను పూర్తిగా అవతలి ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన వాదన మొత్తం ఒక తేడా మీద నిలబడింది. బాధ ఉండటం చెడు, సంతోషం ఉండటం మంచి. ఇంతవరకు గొడవ లేదు. బాధ లేకపోవడం మంచిదే, దాన్ని అనుభవించడానికి ఎవరూ లేకపోయినా సరే. సంతోషం లేకపోవడం మాత్రం చెడు కాదు, దాన్ని కోల్పోయిన మనిషంటూ ఒకరుంటే తప్ప. మనుషులు లేని అంగారక గ్రహాన్ని తలచుకోండి. అక్కడ ఎవరూ ఆనందించడం లేదే అని మనం కుమిలిపోం. అక్కడ లక్షలమంది చిత్రహింసలు పడుతున్నారని తెలిస్తే మాత్రం తట్టుకోలేం. ఈ తేడా ఒప్పుకుంటే పుట్టుక ఎప్పుడూ నష్టమే అవుతుంది, నెమ్మదిగా అంతరించడమే మంచిది అవుతుంది.

బెనటార్‌ని తిట్టడం సులువు, ఖండించడం కష్టం. చాలామంది వేలు పెట్టి చూపేది దీన్నే: ఈ లెక్కన ఎనభై ఏళ్లు హాయిగా బతికి ఒక్కసారి ముల్లు గుచ్చుకున్న జీవితం కూడా పుట్టకపోవడం కంటే అధ్వానమే కావాలి. ఆ ముగింపు ఎవరికీ మింగుడు పడదు కాబట్టి, పునాదిలోనే లోపం ఉండాలంటారు. బాధ లేకపోవడాన్ని ‘మంచి’ అన్నప్పుడు, అది ఎవరికి మంచి అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఎవరూ లేనిచోట సంతోషం లేకపోవడం ఎవరికీ చెడు కానప్పుడు, బాధ లేకపోవడం మాత్రం ఎవరికి మంచి? దీనికి ఆయన ఇచ్చిన జవాబులు నన్నైతే ఒప్పించలేదు.

ఒకటి మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బెనటార్ చంపమనడు, చావమనడు. మొదలుపెట్టదగ్గ జీవితం వేరు, కొనసాగించదగ్గ జీవితం వేరని ఆయనే విడదీసి చెప్పాడు. పుట్టిన మనిషికి బతకడంలో ఆసక్తులుంటాయి, వాటిని తుంచే హక్కు ఎవరికీ లేదు. ఈ వాదం చదివి దిగులు పడే యువకులుంటారు. ‘పుట్టకుండా ఉంటే బాగుండేది’ అన్న మాట నుంచి ‘ఇప్పుడు ఉండటం దండగ’ అన్న మాట ఏ రకంగానూ రాదు. ఈ మాట ఆ రచయితదే.

నష్టం మనకే, ఇప్పుడే

పుట్టబోయేవాళ్ల హక్కుల గురించి, లెక్కల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. అమెరికా తత్వవేత్త శామ్యూల్ షెఫ్లర్ ప్రశ్ననే తిప్పేశాడు. రేపటి నుంచి ఇక ఎవరూ పుట్టరని తెలిసిందనుకుందాం. మీకూ మీవాళ్లకూ ఏ ప్రమాదం లేదు, పూర్తి ఆయుష్షు బతుకుతారు. అయినా మీ బతుకు ఇప్పటిలాగే సాగుతుందా?

ఇంకో నలభై ఏళ్లకు గాని మందు దొరకని జబ్బు మీద పరిశోధన చేసే మనిషి రేపు ల్యాబ్‌కి ఎందుకు వెళ్లాలి? నిఘంటువు కూర్చే మనిషి, అడవి పెంచే మనిషి, కొత్త చట్టం కోసం పోరాడే మనిషి, చరిత్ర రాసే మనిషి అందరూ తమ తర్వాత ఎవరో ఉంటారన్న భరోసా మీదే పనిచేస్తున్నారు. ఆ భరోసా తీసేస్తే చాలా పనులు అర్థం కోల్పోతాయి. ముఖం కూడా తెలియని రాబోయే తరాల మీద మనం ఇంతగా ఆధారపడి ఉన్నామని షెఫ్లర్ 2013లో వచ్చిన ఉపన్యాసాల్లో చూపించాడు. మనం పోతామన్న సంగతి మన పనుల్ని ఆపలేదు, అందరూ ఆగిపోతారన్న సంగతి ఆపుతుంది.

ఈ చర్చలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన వాదన ఇదే. ఇందులో పుట్టనివాళ్లకు హక్కులు ఇవ్వక్కర్లేదు, కోట్లను కోట్లతో హెచ్చవేయక్కర్లేదు. దీనికీ హద్దుంది. భోజనం, స్నేహం, సంగీతం, పక్కనున్న మనిషి నొప్పి తగ్గించడం లాంటివాటి విలువ రేపటి తరాల మీద ఆధారపడదు. ఆఖరి తరం దిగులు పడకుండా వీటితోనే నిండుగా బతకగలిగితే? అప్పుడు షెఫ్లర్ వాదన బలం తగ్గుతుందని విమర్శకులు అంటారు, అది నిజమే.

మిగతా ప్రాణుల సంగతి

మనుషులు పోతేనే మంచిదనేవాళ్ల మనసులో ఎక్కువగా ఉండేది ఈ విషయం. ఏటా 8,000 కోట్లకు పైగా భూచర జంతువుల్ని మాంసం కోసం చంపుతున్నారు, అందులో అత్యధికం కోళ్లే. చేపల్ని కలిపితే లెక్క ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ బాధను లెక్కలోకి తీసుకోని నైతిక చర్చ ఏదైనా అసంపూర్ణమే. అమెరికా తత్వవేత్త టాడ్ మే 2018లో రాసిన వ్యాసంలో, మానవజాతి అంతం విషాదమే అవుతుంది, అయినా లోకానికి మంచిదే కావచ్చు అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి.

అవతలి వాదన కూడా తేలికైంది కాదు. మనుషులు పోయినంత మాత్రాన అడవిలో ఆకలి, రోగం, వేట ఆగవు. పైగా 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్ల కాలాన్ని ముగించిన గ్రహశకలం లాంటిది మళ్లీ వస్తే, దాన్ని పక్కకు నెట్టే ఆలోచన చేయగల ప్రాణి ఒక్కటే ఉంది. 2022 సెప్టెంబరు 26న నాసా ఒక చిన్న గ్రహశకలాన్ని వ్యోమనౌకతో ఢీకొట్టించి, అది తన పక్కనున్న పెద్ద గ్రహశకలాన్ని చుట్టివచ్చే కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. జంతువుల బాధను బాధగా గుర్తించి చట్టాలు రాసేదీ ఈ ప్రాణే. ఆ చట్టాలు ఎంత ఆలస్యంగా, ఎంత తక్కువగా వస్తున్నాయన్నది వేరే సంగతి.

నిర్ణయించే హక్కు ఎవరిది?

బాధను తగ్గించడమే నైతికతకు మొదటి పని అన్న ఆలోచనను కార్ల్ పాపర్ 1945లో ముందుకు తెచ్చాడు. 1958లో ఆర్.ఎన్. స్మార్ట్ దానికి ఒక ప్రశ్న వేశాడు. మానవజాతి మొత్తాన్ని నొప్పి తెలియకుండా క్షణంలో చంపగల ఆయుధం ఒక పాలకుడి చేతిలో ఉంది. బాధ తగ్గించడమే పని అయితే, అతను దాన్ని వాడటం అతని కర్తవ్యం కాదా? ఈ ముగింపు భయంకరమని అందరికీ తెలుసు. భయంకరం ఎందుకైందన్నదే చూడాల్సింది. నొప్పి లేదు కాబట్టి నొప్పి వల్ల కాదు. ఆ 800 కోట్ల మందిలో ఎవర్నీ అడగలేదు కాబట్టి. వాళ్ల జీవితాలు వాళ్లవి కాబట్టి.

అందుకే ‘మానవజాతి కొనసాగాలా’ అన్న ప్రశ్నకు వద్దని జవాబిచ్చినా, దాని నుంచి ‘దాన్ని ఆపే హక్కు నాకుంది’ అన్నది రాదు. ఇది రెండు వైపులా వర్తిస్తుంది. కొనసాగాలి అన్నంత మాత్రాన పిల్లల్ని కనమని ఏ స్త్రీనీ బలవంతపెట్టే హక్కు కూడా రాదు. మొత్తం సంతోషాన్ని పెంచేదే సరైన పని అనే ఉపయోగితావాదాన్ని నమ్మిన 19వ శతాబ్దపు తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్, అందరూ కలిసి సంతానం మానేస్తే అది ఊహించగల నేరాల్లో అతి పెద్దదని రాశాడు. అలాంటి వాక్యం ఒక ప్రభుత్వం చేతిలో పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

నిజానికి జననాలు తగ్గడానికీ అంతరించడానికీ మధ్య చాలా దూరం ఉంది. జనాభా నిలకడగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 పిల్లలు కావాలి. ప్రపంచమంతా 1.4కి పడిపోయి అక్కడే ఉండిపోయిందనుకున్నా, తరం తరానికీ జననాలు మూడింట రెండు వంతులవుతాయి. అలా 800 కోట్లు 9 కోట్ల దగ్గరికి రావడానికి 11 తరాలు, అంటే 330 ఏళ్లు పడుతుంది. ఈలోగా ఏ తరమైనా మనసు మార్చుకోవచ్చు. దక్షిణ కొరియా 2023లో 0.72కి చేరడం అక్కడి వృద్ధుల సంరక్షణకు, పింఛన్లకు పెద్ద సమస్యే. దాన్ని జాతి అంతం అనడం మాత్రం భయపెట్టడమే.

లెక్కలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

మానవజాతి ఈ శతాబ్దంలో అంతరించే అవకాశం 1 శాతమే అనుకుందాం. పుట్టబోయేవాళ్లందర్నీ పక్కనపెట్టినా, 800 కోట్లలో 1 శాతమంటే 8 కోట్ల ప్రాణాలకు సమానమైన నష్టం. అణ్వాయుధాల తగ్గింపు, ప్రయోగశాలల భద్రత, మహమ్మారుల మీద నిఘా లాంటివాటికి ఈ ఒక్క లెక్కే చాలు. పార్‌ఫిట్‌తో ఏకీభవించేవాళ్లూ, నార్వెసన్‌తో ఏకీభవించేవాళ్లూ ఇక్కడ పక్కపక్కన నిలబడగలరు. చావులూ బాధా నివారించే పనులు కాబట్టి బెనటార్‌కి కూడా వీటితో పేచీ ఉండక్కర్లేదు.

వాళ్లు విడిపోయేది బంకర్ దగ్గర. భూమ్మీద అందరూ పోయినా 5 వేల మంది బతికి బయటపడేలా ఒక ఆశ్రయం కట్టాలనుకోండి. దానికయ్యే ఖర్చుతో 50 వేల మందిని మామూలు జబ్బుల నుంచి కచ్చితంగా కాపాడొచ్చు. చావుల్ని మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు ఇందులో ఆలోచించడానికేమీ లేదు, 50 వేల మంది వైపే వెళ్తారు. పార్‌ఫిట్ లెక్కలో ఆ 5 వేల మంది వెనక మొత్తం భవిష్యత్తు నిలబడి ఉంటుంది. షెఫ్లర్ దారిలో వెళ్తే ఇంకో ప్రశ్న వస్తుంది: ఆ ఆశ్రయంలో ఎవరో మిగులుతారన్న సంగతి, ఇవాళ బయట బతుకుతున్న మనకు ఏమైనా ధైర్యాన్నిస్తుందా? నేనైతే 50 వేల మందినే ఎంచుకుంటాను, ఎందుకంటే వాళ్లు ఇప్పుడు ఉన్నారు, ఆ ఆశ్రయం ఎప్పటికైనా అక్కరకొస్తుందో లేదో తెలియదు. అది కచ్చితంగా అక్కరకొస్తుందని తెలిసిన రోజున మాత్రం ఇంత గట్టిగా చెప్పలేను.